ఆదివారం వేసిన ముద్ర

“తట్టేదానికి జీతమిస్తారంట! నేను గోడలకి పిడకలు తట్టీ తట్టీ చేతులు అరగదీసుకుంటి. నాకెవురిచ్చినారు?”

ఇది మా అత్త సొన్నమ్మ మాట. ఇంటికి ఎవరొచ్చినా నా ఉద్యోగం గురించి ఇలాగే చెబుతుంది. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఎందుకంటే సరిగ్గా ఆ సమయానికి నా చేతిలో వాళ్ళ కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంటుంది. పళ్ళెం పట్టుకుని కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆమె పిడకలకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ ఉక్రోషం తన మామ మీదో తన మొగుడి మీదో చూపించాల్సింది. వాళ్ళిద్దరూ పోయారు, నేను దొరికాను.

నా పని నిజంగా తట్టడమే. హొసకోటెలో ప్యానెళ్ళు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. ప్యానెల్ అంటే పైనొక రంగు రేకు, కిందొక రంగు రేకు, నడుమ బెత్తెడు మందాన తెల్లటి థర్మకోల్. జిగురు పూసి వేడి ప్రెస్సులో నొక్కిపెడితే మూడూ ఒక్కటవుతాయి. ఇటుకా ఇసుకా లేకుండా వాటితోనే గోడలు లేపుతారు, కప్పు వేస్తారు, ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉంటుంది. విడివిడిగా చూస్తే ఆ రేకుకీ బలం లేదు, థర్మకోల్‌కీ లేదు. బలమంతా అంటుకోవడంలో ఉంది. అంటుకోకపోతే పైకి ఏమీ కనబడదు, రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వేళ్ళ కణుపులతో తట్టి వినాలి. అంటుకున్న చోట మొద్దుగా పలుకుతుంది. అంటుకోని చోట డొల్లగా, పళ్ళూడిన ముసలాయన మాటలా గాలి కలిసి పలుకుతుంది. అదీ ప్యానెల్‌ని నిలబెట్టి తట్టాలి. దొంతరగా పేర్చినప్పుడు పైదాన్ని తడితే కిందివన్నీ దానికి ఆసరా ఇస్తాయి, ప్రతిదీ గట్టిదానిలాగే వినిపిస్తుంది. ఇది మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అయినా తొందర వచ్చినప్పుడల్లా “పండుకోబెట్టే చూసేయండి మేడం” అంటారు. నిలబెట్టాలంటే ఒక్కోదానికి ఇద్దరు మనుషులు కావాలి మరి.

సివిల్ డిప్లొమా చేసి ఈ ఉద్యోగంలో చేరిన రోజు మా ఓనరు “ఆడోళ్ళకి ఓపిక జాస్తి, ఈ పని మీకే సరిపోతాది” అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంటికొచ్చి చెప్పుకున్నాను కూడా. సరుకు కొనే పార్టీలు వస్తే కాఫీ పెట్టడం కూడా ఆ ఓపిక ఖాతాలోకే వస్తుందని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళ బాత్రూమ్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వెళ్ళాలంటే గేటు దాకా నడిచి, లారీ డ్రైవర్ల మధ్య నిలబడి, తాళం ఇవ్వమని అడగాలి. ఒక్కోసారి వాచ్‌మన్ “ఏమిటికి మేడం?” అంటాడు. ఏమిటికని చెప్పేది? అందుకని పొద్దున నీళ్ళు తాగడం మానేశాను. కడుపులో మంట, ఒంటేలుకి పోతే మంట. డాక్టరు దగ్గరికెళితే నీళ్ళు ఎక్కువ తాగమ్మా అన్నాడు. ఆయన ఆస్పత్రిలో బాత్రూమ్‌కి తాళం లేదు.

మా ఆయన పనిచేసిన ప్రభుత్వ కార్ఖానా వీఆరెస్ ఇచ్చి జనాన్ని ఇళ్ళకి పంపేసినప్పుడు, ఆయన కొన్నాళ్ళు కృష్ణరాజపురంలో మా ఇంటి మెట్ల మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అదే పేపరు సాయంత్రం కూడా. మనిషి చిక్కిపోయాడు. చూడలేక నేనే మా ఓనరుని అడిగి, ప్యానెళ్ళు బిగించే కాంట్రాక్టు ఇప్పించాను. ఇప్పుడు కూలీలను పెట్టుకుని మా ఫ్యాక్టరీ సరుకుని సైట్లలో నిలబెడతాడు. నలుగురూ కాంట్రాక్టరుగారూ అంటారు. బంధువులకి మాత్రం ఆయన చెప్పే కథ వేరు. “మా ఇంటామెకి ఇంట్లో పొద్దు పోదు. నా కాంట్రాక్టు ఉండే తావే ఊరికే సుమ్నే ఒక కుర్చీ యేపిచ్చినాను.” మొదటిసారి అది విన్నప్పుడు నేను వంటింట్లో రాగి సంగటి కెలుకుతున్నాను. సంగటి కెలికేటప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. ఆపలేదు. సంగటి నున్నగా వచ్చింది, అందరూ తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మా ఇంట్లో అనకపోవడం అనే పని కూడా నాదే. వంట, గిన్నెలు, బట్టలు, మా అమ్మాయి గీతాంజలి చదువు, అత్త మందులు, వాటితో పాటు అదీ.

ఆ జనవరిలో చందాపుర దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీవాళ్ళు తమ దగ్గర పనిచేసే తల్లుల పిల్లల కోసం శిశువిహారం కట్టిస్తూ, కప్పుకి మా ప్యానెళ్ళు అడిగారు. బిగించే పని మా ఆయనది. ప్రారంభానికి ఎవరో పెద్దమనిషి వస్తాడని తేదీ ముందే పెట్టేసుకున్నారు. ఇక్కడ చూస్తే మా ప్రెస్సు నడుస్తుండగా కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. చలికి జిగురు సగం పట్టీ సగం పట్టకా నిలిచిపోయింది. ప్రెస్సు చూసే మారప్ప నా టేబుల్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“మేడం, అది కరెంటు పొయ్యిన పూట తీసిన మాలు. నేను చెప్పితినని చెప్పొద్దండి. నాకు బిడ్డలుండారు.”

ఆయన చెప్పకపోయినా తెలిసేది. అన్నిటినీ నిలబెట్టించి, ఎండ తగలనిచ్చి తట్టాను. కొన్నిటిలో అరచేయంత డొల్ల, కొన్నిటిలో మనిషి పడుకునే చాపంత డొల్ల. ఎర్ర సుద్దతో అడ్డగీతలు కొట్టుకుంటూ పోయాను. గోడకి వేసేదయితే ఎండకి ఉబ్బుతుంది, చూసినవాళ్ళు తిట్టుకుంటారు, అంతే. ఇది కప్పు. వానకి నీళ్ళు నిలిచి కుంగుతుంది. కారుతోందని ఎవడో ఒకడు పైకెక్కుతాడు, వాడి కాలు దిగబడుతుంది. కింద పిల్లలు పడుకుని ఉంటారు. వాళ్ళ అమ్మలేమో పక్క షెడ్డులో మిషన్ల మోతలో ఉంటారు, వాళ్ళకి వినబడను కూడా వినబడదు.

ఓనరు వచ్చి ఎర్రగీతలన్నీ చూశాడు. “నేత్రావతీ, ఒక తూరి పండుకోబెట్టి చూడమ్మా. నిలబెట్టి తట్టితే దేంట్లోనైనా తప్పులు కనబడతాయి.”

“పండుకోబెడితే కనబడవు సార్. అంతే. పోవు.”

“మీ ఇంటాయన పనే గదమ్మా? ఆయనకే నష్టం. మాకేం?” అని నవ్వాడు. ఆ నవ్వు నాకంటే ముందు మా ఇంటికి చేరినట్టుంది. ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పకముందే మా ఆయన మొదలుపెట్టాడు.

“నా ఇంట్లో అన్నం తింటా నా కడుపు మీదే కొట్టేదేమే నువ్వు? తారీకు దగ్గరికొచ్చింది. కూలోళ్ళు సుమ్నే కూర్చోనుండారు. నువ్వు గీతలు కొట్టుకుంటా ఉండావు.”

“అది డొల్ల మాలు. మళ్ళీ చేసిమ్మని ఓనరుని అడగండి. నేనూ అడుగుతాను.”

“ఇంగ వారం పడతాది! ఆ పార్టీ ఇంగోన్ని చూసుకుంటాడు.”

“దాని కింద బిడ్డలు పండుకుంటారు.”

“బిడ్డల మీద అంత ప్రేముంటే మన బిడ్డని చూసుకో. దాని లెక్కల మార్కులు చూసినావా?”

అత్త లోపలినుంచి అందుకుంది. “మొగోని పని చెడగొట్టే ఆడది యాడన్నా ఉండాదా? కలికాలం.” గీత పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నేను చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, బియ్యం కడిగాను. ఆయన తినే అన్నం, ఆయనది నేను తింటున్నానన్న అన్నం, రెండూ ఒకే గిన్నెలో ఉడికాయి.

తర్వాత రెండురోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త విశ్రాంతిగానే ఉండింది. ఆదివారం మా ఆడబిడ్డ సంసారం భోజనానికి వస్తామన్నారు. తెల్లవారకముందే లేచి శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి, ఒబ్బట్లు తట్టడం మొదలుపెట్టాను. దీనికి జీతం లేదు కాబట్టి అత్త ఏమీ అనలేదు. ఆయన స్నానం చేసి వంటింట్లోకి వచ్చాడు. మా ఇంట్లో ఆయన వంటింట్లోకి రావడమంటే ఇంట్లో గ్యాసయినా అయిపోయి ఉండాలి, నిప్పయినా అంటుకుని ఉండాలి. తలుపు పక్కన నిలబడి పెనం మీద ఉన్నదాన్ని అందుకుని ఊదుకుంటూ తిన్నాడు.

“బాగుండాది” అన్నాడు. “సైట్లో రవ్వంత పనుండాది. భోజనానికి వచ్చేస్తా.”

మాట కలిపాడు గదా అని నేను పొంగిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ పొంగిపోయాను. మనసులో కోపం తగ్గినట్టుంది, పని వారం ఆగినా పరవాలేదనుకున్నాడేమో, ఎంతయినా చెడ్డవాడు కాదు, ఖాళీగా కూర్చుని కుంగిపోయిన మనిషి, అందుకే అంత మాటన్నాడు, ఇలా ఆయన తరఫున నేనే వాదించుకుంటూ మిగతా ఒబ్బట్లు కాల్చాను. మధ్యాహ్నం కొంచెం ఆలస్యంగా వచ్చాడు. అందరితో నవ్వుతూ మాట్లాడాడు. ఆయన ఆకులో ఇంకో ఒబ్బట్టు వేసి, మీద ఇంకో గరిటె నెయ్యి పోశాను.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి యార్డు ఖాళీ. ఎర్రగీతల ప్యానెళ్ళు ఒక్కటీ లేవు. సుద్ద తుడిచేసిన తడిగుడ్డలు మాత్రం గోడవార పడి ఉన్నాయి. మారప్ప నన్ను చూసి ముఖం చాటేశాడు. నేనే వెళ్ళి అడిగాను.

“నిన్న మీ ఇంటాయన వచ్చినాడు గదా మేడం” అన్నాడు. “మీకు ఒంట్లో బాగలేదు, మీరే ముద్రిచ్చి పంపించినారు అని చెప్పె. ఒగోదానికి యేసుకుంటా పాయె. లారీలోకి ఎక్కించేస్తిమి. మీరు పంపియ్యలేదా?”

బాగున్న ప్రతి ప్యానెల్ అంచు మీదా నేను ముద్ర వేస్తాను. గుండ్రటి రబ్బరు ముద్ర, మధ్యలో నా పేరు. అది లేకుండా సరుకు గేటు దాటదు. ఆఫీసు సొరుగులో ఉంచితే సరుకు పంపేవాళ్ళు వాడేస్తారని రోజూ బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకుపోతాను. ఇంట్లో భద్రంగా ఉంటుందని! బ్యాగు వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించి ఉంటుంది. ఒబ్బట్టు ఊదుకుంటూ ఆయన నిలబడింది ఆ తలుపు పక్కనే. బ్యాగు తెరిచి చూశాను. ముద్ర తిరిగి దాని చోటికి వచ్చేసింది. రబ్బరు మీద సిరా ఇంకా అంటుతోంది, నా చేతి రుమాలుకి ఊదా మరక అయింది.

అక్కడే ఒక ఇనప కుర్చీలో కూలబడ్డాను. దొంగతనం చేశాడని కాదు నాకు ఏడుపొచ్చింది. ‘బాగుండాది’ అన్నాడే, ఆ మాటకి. అది నన్ను పొయ్యి దగ్గర కదలకుండా నిలబెట్టడానికి అన్నమాట. ఒక్క మంచి మాట విసిరితే నేను రోజంతా దాన్నే నములుతూ ఉంటానని ఆయనకి తెలుసు. పెళ్ళయినప్పటినుంచీ తెలుసు. అందుకే అంత అరుదుగా వాడతాడు. నేను మాత్రం నెయ్యి పోశాను. నా చెయ్యి విరగ!

ఓనరు గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే “తెలుసమ్మా, వేసినాడు. ఏమైందిప్పుడు?” అన్నాడు. “మొగుడూ పెండ్లాం ఇద్దురూ ఒగటే గదా. నువ్వు తట్టితే ఏమి, ఆయన తట్టితే ఏమి?”

“ఆయన తట్టలేదు సార్. ముద్ర వేశాడు.”

“ఊరికే బేజారు చేసుకోవద్దు. ఇంగ కొంచేపట్లో పార్టీ వస్తా ఉండారు. రవ్వంత కాఫీ చూడు.”

చూశాను. అంటే, వెళ్ళి స్టవ్వు మీద పాలు పెట్టాను. అలవాటు అలాంటిది. పాలు అంచుల దగ్గర బుడగలు వేస్తుంటే, ఇవి పొంగేలోపు ఏదో ఒకటి చెయ్యకపోతే ఇక చెయ్యను అనిపించింది. స్టవ్వు ఆపేశాను. బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గరికి నడిచాను. నన్ను చూడగానే వాచ్‌మన్ తాళంచెవి తీశాడు. అక్కర్లేదన్నాను.

హొసకోటె నుంచి చందాపురకి బస్సులు మారుతూ పోవాలి. వీరావేశంతో వెళ్ళానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు నిద్ర వస్తోంది. కాళ్ళు పీకుతున్నాయి. దారిలో కృష్ణరాజపురం వచ్చినప్పుడు బస్సు చాలాసేపు ఆగింది, దిగితే సందు చివర ఇల్లు. వెళ్ళి ఒక గంట పడుకోవచ్చు. నేను చూడలేదు, నేను వేయలేదు, నాకేమీ తెలియదు అనుకోవచ్చు. చందాపురకి వెళితే మాత్రం ఏమవుతుంది? ఆయన కాంట్రాక్టు పోతుంది. నా ఉద్యోగం పోతుంది. గీత కాలేజీకి వస్తోంది. మళ్ళీ ఆయన మెట్ల మీద పేపరు పట్టుకుని కూర్చుంటాడు, ఈసారి నన్ను చూస్తూ కూర్చుంటాడు. ఇవన్నీ నాకు తెలుసు. వెళ్ళకపోతే మొదటి పెద్ద వానకి ఆ కప్పు కింద ఏమవుతుందో కూడా తెలుసు, దాని మీద నా పేరుంటుందనీ తెలుసు. దిగుదామనే లేచాను. నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో చంటిపిల్ల నా కొంగు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. “వదులే పాపా” అని వాళ్ళమ్మ విడిపించేలోపు బస్సు కదిలింది. కూర్చున్నాను.

శిశువిహారం కప్పు సగానికి పైగా ఎక్కేసింది. కూలీలు పైన మరలు బిగిస్తున్నారు. లోపల ఒక అమ్మాయి, మెడలో కంపెనీ కార్డు, పిల్లల ఉయ్యాలలు ఎక్కడెక్కడ వేయాలో ఆయాలకి చూపిస్తోంది. గార్మెంట్ ఫ్యాక్టరీలో సంక్షేమం చూసే ఆఫీసరట. పేరు కిరణ్మయి అని కార్డు మీద ఉంది. నేను ఎవరో చెప్పాను. మూలనున్న చీపురు కర్ర తీసుకుని కప్పుని కిందినుంచి తట్టాను. ఒక చోట మొద్దుగా పలికింది. రెండడుగులు జరిగి తట్టాను. ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయాలు కూడా తలలెత్తి చూశారు.

“అదేంటండీ, అలా డబడబమంటోంది?” అంది కిరణ్మయి.

“అక్కడ అంటుకోలేదమ్మా. ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. ఈ కప్పు నిలబడదు. పిల్లల్ని పెట్టొద్దు.”

“అయ్యో, ఇప్పుడు చెబితే ఎలాగండీ! ఎల్లుండే ఇనాగరేషన్. అయినా ప్రతిదానికీ క్వాలిటీ స్టాంప్ ఉంది కదా, నేనే చూశాను. నేత్రావతి అంటే మీరే కదా?”

“నేనే. ముద్ర నాదే. వేసింది నేను కాదు.”

నిచ్చెన మీదినుంచి ఆయన దిగాడు. నన్ను చూసి ముందు నల్లబడ్డాడు, తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు. “మా ఇంటామె మేడం. నాలుగు దినాల నుంచి ఒంట్లో బాగలేదు, ఏందేందో మాట్లాడతా ఉండాది. ఇంట్లో రవ్వంత గలాటా. మీరు మనసులో పెట్టుకోవద్దండి.” నా వైపు తిరిగి పళ్ళ సందునుంచి అన్నాడు. “ఇంటికి పో. ఇప్పుడే పో. రాత్రికి మాట్లాడదాము.”

పైన కూలీలు పని ఆపి కిందికి చూస్తున్నారు. భోజనం బెల్లు కొట్టినట్టుంది, పక్క షెడ్డులోంచి ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని, కొత్త ఉయ్యాలలు చూద్దామని గుమ్మంలో మూగారు. కిరణ్మయి నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో నా మీద జాలి ఏమీ లేదు, చిరాకే ఉంది. చేతిలో పెన్ను మాత్రం తెరిచింది.

“చూడండి, మీ ఇంటి గొడవలు నాకొద్దు. స్టాంప్ మీదే అంటారు, వేయలేదంటారు. మరి వేసిందెవరు? పేరు చెప్పండి. ఊరికే ఎవరో వేశారంటే పని ఆపలేను. మా పైవాళ్ళకి నేను పేరు చెప్పాలి.”

“మా ఇంటా...” అన్నాను. అక్కడ ఆగిపోయాను.

మా వైపు ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయుస్సు తగ్గుతుందంటారు. ములబాగిలు దగ్గర మా పుట్టింట్లో మా అమ్మ పలకలేదు, మా అత్త పోయిన మొగుడి పేరు ఈనాటికీ పలకదు. నేను డిప్లొమా చదివాను, ఇవన్నీ నమ్మను అనుకుంటూనే పెళ్ళయినప్పటినుంచీ ఒక్కసారీ పలకలేదు. రేషన్ ఆఫీసులో అడిగితే పక్కామెతో చెప్పించాను. బ్యాంకులో అడిగితే కాగితం మీద రాసి చూపించాను. గీతని బడిలో చేర్చే రోజు హెడ్మిస్ట్రెస్ తండ్రి పేరేమిటంటే, అప్పటికింకా మాటలు సరిగా రాని పిల్లని ముందుకి తోసి ‘చెప్పమ్మా’ అన్నాను. ఇప్పుడు కూడా వేలెత్తి ఆయన్ని చూపిస్తే చాలు. ఆయనకీ అది తెలుసు. నోరు తెరవనని ధీమాగా నిలబడి ఉన్నాడు, చెమట కూడా తుడుచుకోవడం లేదు.

“గురుమూర్తి” అన్నాను.

వెనక ఎవరో ఆడమనిషి ‘అయ్యో’ అంది. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు, ఏదో పడిపోయిన చప్పుడు విన్నవాడిలా చూశాడు. కిరణ్మయి పెన్ను ఆగి ఉంది, గుమ్మంలో ఆడవాళ్ళ గుసగుసల్లో సరిగా వినబడలేదో ఏమో.

ఇంకోసారి, గట్టిగా, చెప్పాను.